ఒకే కప్పు కింద రెండు వృత్తులు

స్వతంత్ర వృత్తిని చేపట్టే యువతకు చదువుతో పాటు లెక్క కూడా తెలిసి ఉండాలి. తన శ్రమకు తానే వెల నిర్ణయించుకోవడం వారికి ఎదురయ్యే తొలి పరీక్ష. ఇతరుల చోటులో పనిచేసేవారికి ఆ పరీక్ష మరింత కఠినమైనది.

విజయవాడలోని సూర్యారావుపేట, గుంటూరులోని కొత్తపేట వంటి ప్రాంతాలలో వైద్యుల క్లినిక్కులు బారులు తీరి ఉంటాయి. అటువంటిచోట ఒక ఎముకల వైద్యుని క్లినిక్కులో, కొత్తగా చదువు ముగించిన ఫిజియోథెరపిస్టు ఒక గది తీసుకున్నాడనుకుందాం. అతడు జీతగాడు కాడు. రోగులు వస్తేనే రాబడి. రాకపోయినా అద్దె ఆగదు.

ఫీజు నిర్ణయానికి ఇరుగుపొరుగువారి రేటు ఒక్కటే ఆధారం కారాదు. ముందుగా ఖర్చు లెక్కించాలి. నెలకు గది అద్దె 8,000 రూపాయలు, ఇతర ఖర్చులు 7,000, కుటుంబ పోషణకు 30,000 అనుకుంటే మొత్తం 45,000 అవుతుంది. నెలకు 150 చికిత్సలు జరిగితే ఒక్కొక్కదానికి 300 రూపాయలు సరిపోతాయి. 120 మాత్రమే జరిగితే 375 కావాలి. కనుక రద్దీ రోజులను చూసి కాక, సగటు చూసి ఫీజు నిర్ణయించాలి.

అద్దెకు బదులు ఫీజులో వాటా ఇవ్వడం మరొక పద్ధతి. రోగులు తక్కువగా వచ్చే తొలి నెలల్లో ఇది తేలికగా తోస్తుంది. కాని 300 రూపాయలలో 40 శాతం వాటా పోతే మిగిలేది 180. అలా 150 చికిత్సలకు 27,000 వస్తుంది. ఇతర ఖర్చులు పోగా ఇంటికి చేరేది 20,000 మాత్రమే. అనుకున్న 30,000 రావాలంటే ఫీజు 400 దాటక తప్పదు. ఆ భారం మోసేది రోగి.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. వాటా ఉన్నచోట రోగిని పంపే వైద్యునికి స్వలాభం ఏర్పడుతుంది. ఐదు రోజులలో తగ్గే నొప్పికి పది రోజుల చికిత్స సూచించాలన్న ఆశ పుట్టవచ్చు. అందుకే భారత వైద్య మండలి 2002లో వెలువరించిన నియమావళి, రోగిని పంపినందుకు వైద్యుడు కమిషన్ తీసుకోవడాన్ని, ఫీజును పంచుకోవడాన్ని నిషేధించింది. చోటుకు అద్దె చెల్లించడం న్యాయం. రోగికి వెల కట్టడం అన్యాయం.

స్థిరమైన అద్దెలో మరొక మేలు కూడా ఉంది. పేద రోగికి ఫీజు తగ్గించాలనుకుంటే, ఆ తగ్గింపు ఫిజియోథెరపిస్టు సొంత నిర్ణయం. దానికి మరొకరి అనుమతి అక్కరలేదు.

అద్దె, పని వేళలు, ఫీజు వసూలు, రశీదులు, విడిపోయినప్పుడు రోగుల వివరాల అప్పగింత మొదలైన విషయాలను ముందే కాగితంపై పెట్టాలి. నోటిమాటతో కుదిరిన ఒప్పందాన్ని కూడా 1872 నాటి భారత ఒప్పందాల చట్టం గుర్తిస్తుంది. అయితే తగవు వచ్చిననాడు దానిని రుజువు చేయడం కష్టం. మొగమాటంతో దాటవేసిన మాటే తరువాత వైరానికి మూలమవుతుంది.

వైద్యులు తమ ఫీజును బోర్డుపై ప్రదర్శించాలని కూడా ఆ నియమావళి చెబుతోంది. పక్క గదిలోనివారు కూడా ఆ మర్యాదను పాటిస్తే, ఎవరికి ఎంత చెల్లిస్తున్నాడో, ఎందుకు చెల్లిస్తున్నాడో రోగికి స్పష్టంగా తెలుస్తుంది. దాపరికం లేని ఫీజు వృత్తికి గౌరవం తెస్తుంది. రోగికి నమ్మకం కలిగిస్తుంది.