ఇంటి గోడకు వెండితెర

పుదుచ్చేరిలో సముద్రం దాపున ఉన్న పాత వీధుల్లో ఇటుకతో, సున్నంతో కట్టిన దళసరి గోడల ఇళ్ళు నేటికీ కనిపిస్తాయి. కొత్తగా ప్రొజెక్టరు కొని తెచ్చుకున్న గృహస్థుకు అలాంటి గోడను చూడగానే ఒకే ఊహ తోస్తుంది: వేరే తెర దేనికి, దీనికే తెల్లరంగు పూస్తే సరిపోదా?

సరిపోదు. పునాదిలోని తేమ ఉప్పును వెంటబెట్టుకుని గోడలోకి ఎగబాకుతుంది. సున్నపు గోడ ఆ తేమను మెల్లగా బయటికి వదిలేస్తుంది. దానిమీద ఎమల్షన్ రంగు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చౌడు పట్టి, రంగు బొబ్బలెక్కి, పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఆ ఊరి తీరాన ఠీవిగా నిలిచిన పాత పురపాలక భవనం మెయిరీయే 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. తరువాత దానిని పాత రూపంలోనే తిరిగి నిర్మించారు. అటువంటి చోట తెరను గోడకు అప్పగించడం వివేకం కాదు.

ఒక ప్లైవుడ్ పలక చాలు. బజారులో దొరికే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల పలకమీద 78 అంగుళాలు, 44 అంగుళాల బొమ్మ చక్కగా అమరుతుంది. మూలనుంచి మూలకు అది సుమారు 90 అంగుళాలు. చుట్టూ మిగిలిన చోటును మెరుపులేని నల్లరంగుతో నింపితే బొమ్మ అంచులు స్ఫుటంగా కనబడతాయి.

పలకకు రెండు వైపులా, అంచులకు కూడా ప్రైమరు పట్టించాలి. చాలామంది దాటవేసే పని ఇదే. ఒక్క వైపే పూస్తే రెండో వైపు తేమ పీల్చుకుని పలక వంగిపోతుంది. తరువాత పుట్టీ పలుచగా పట్టించి, సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. చీకటిపడ్డాక ఒక దీపాన్ని పలకకు ఆనించినట్టుగా పక్కనుంచి పట్టుకుని చూస్తే, పగలు కంటికి ఆనని ప్రతి గుంటా, ప్రతి గీతా నీడ వేసి తానే బయటపడుతుంది. బొమ్మ పడినప్పుడు కథానాయిక చెంపమీద మచ్చగా తేలేది ఆ గుంటే!

రంగు మాట్ ఎమల్షన్ కావాలి. మెరిసే పూత ప్రొజెక్టరు కాంతిని అద్దంలా ఒకవైపుకే తిప్పికొడుతుంది; మెరుపులేనిది గదిలో అందరికీ ఇంచుమించు సమంగా పంచుతుంది. మన ఇళ్ళలో సున్నంలో నీలిమందు కలిపే అలవాటు ఇక్కడ పనికిరాదు: ఆ నీలి ఛాయ మనుషుల ముఖాలకు అంటుకుంటుంది. పొట్టి నూగు రోలరుతో, మధ్యలో ఆగకుండా, తడి అంచు ఆరకముందే పక్క పట్టీ కలుపుతూ రెండు మూడు పూతలు వేయాలి. వేసవి మధ్యాహ్నం రంగు క్షణాల్లో ఆరిపోయి చారలు మిగులుతాయి కనుక ఉదయమే మేలు.

'వెండితెర' అన్న మాట ఊరికే పుట్టలేదు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో లూమియేర్ సోదరులు తమ బ్రహ్మాండమైన బట్టతెరను నీటితో తడిపి, ఇరువైపులవారికీ బొమ్మ కనిపించేలా చేశారు. తెలుగువాడైన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోను యంత్రంతో ఊరూరా తిరిగి బొమ్మలు చూపిన రోజుల్లోనూ దీపాల వెలుగు అంతంతమాత్రమే. ఆ కొద్ది వెలుగును వృథా పోనివ్వకుండా ప్రేక్షకులవైపు మళ్ళించడానికి తెరలకు లోహపు పూతలు వచ్చాయి. నడుమ మిరుమిట్లు, పక్కన కూర్చున్నవారికి మసక: అదీ వాటి లోపం. నేడు అవి ముఖ్యంగా కళ్ళజోడు పెట్టుకుని చూసే త్రీడీ చిత్రాలకే ఉపయోగపడుతున్నాయి.

ప్రత్యేకమైన తెర రంగులంటూ అమ్మే ఖరీదైన డబ్బాలకన్నా ముందు కిటికీలకు దట్టమైన తెరలు కొనడం లాభం. ఏ ప్రొజెక్టరూ నలుపును ప్రసరించలేదు; వెలుగు పడనిచోట తెర ఎలా ఉంటే అదే నలుపు. గదిలోకి వెలుతురు చొరబడితే అర్ధరాత్రి దృశ్యం కూడా బూడిదరంగు తేలుతుంది. లేత బూడిదరంగు పూస్తే నలుపు కొంత చిక్కబడుతుంది. కానీ తెలుపు కూడా మందగిస్తుంది. కాంతి దండిగా ఉన్న ప్రొజెక్టరుకే అది తగును.

పలకను గోడకు ఆనించకుండా, వెనుక గాలి ఆడేటట్టు రెండు వేళ్ళ సందు విడిచి తగిలించాలి. పుదుచ్చేరిలో వానలు ముమ్మరించేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ నెలల్లో ఒకటి రెండు సార్లు దానిని దింపి, వెనుకవైపు తడి తగిలిందేమో చూడటం మంచిది.