ఊరూ పేరూ చెరిగిన గడ్డి మెషీన్

సౌదీలోని తాయిఫ్ గులాబీలకు పేరుపడ్డ కొండ ఊరు. అక్కడ ఒక విల్లా తోటలో పనిచేసే జగిత్యాల అన్న పాత గడ్డికోత మెషీన్‌ను నా ముందుకు తోసుకొచ్చాడు. "తమ్మీ, ఇది ఏ కంపెనీదో జర చూడు. బ్లేడు అరిగింది. దుకాణంల అడిగితే కంపెనీ పేరు చెప్పుమంటున్నరు." స్టిక్కరు ఎండకు ఎప్పుడో రాలిపోయింది.

ముందు ఏ జాతిదో తేల్చాలి. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్, ఉన్ని బట్ట మీది నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, గడ్డికీ అదే పనికొస్తుందనుకున్నాడు. మెలితిరిగిన కత్తుల రోలరు, కింద కదలని కత్తి: రెండూ కలిసి కత్తెరలా కోస్తాయి. ఇది మొదటి జాతి. 1832లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ దాని తయారీకి లైసెన్సు తీసుకుంది. 1902లో పెట్రోలు ఇంజినుతో అమ్మకానికి తెచ్చింది. రెండో జాతి రోటరీ. ఫ్యానులా తిరిగే ఒకే బ్లేడు వేగంతోనే గడ్డిని నరుకుతుంది. 1952లో సిడ్నీలో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ పీచ్ పండ్ల డబ్బాను పెట్రోలు ట్యాంకుగా పెట్టి తయారుచేసిన విక్టా ఈ జాతిదే. అన్న మెషీనూ రోటరీయే.

ఇంజిన్ రేకు కప్పును కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అన్న పేరు, దాని కింద అచ్చుగుద్దిన అంకెలు తేలాయి. ఆ కంపెనీ కోడ్‌లో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతివి నెల, తేదీ. ఇక్కడ 790412 అని ఉంది. అంటే ఇంజిన్ పుట్టింది 1979 ఏప్రిల్ 12న. కానీ అది మెషీన్ కంపెనీ పేరు కాదు. ఎన్నో కంపెనీలు ఆ ఇంజినునే కొని తమ మెషీన్లకు బిగించుకున్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే.

తర్వాత నట్లు. 13 మిల్లీమీటర్ల పానా కాస్త వదులుగా తిరిగింది, అర అంగుళం పానా బిగువుగా పట్టింది. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. అంగుళాల కొలతల దేశం నుంచి వచ్చిన సరుకన్నమాట.

కార్బురేటరు స్క్రూ గాడి నలిగి గుండ్రబడింది. తాయిఫ్ ఉన్నట్టు 1,800 మీటర్లకు పైన ఎత్తులో గాలి సముద్రతీరంలో కన్నా దాదాపు ఐదో వంతు పలచన. పెట్రోలు తగ్గించకపోతే నల్లపొగ వస్తుంది. ఎన్ని చేతులు ఆ స్క్రూను తిప్పి ఈ కొండకు సరిచేశాయో!

స్పార్క్ ప్లగ్ వైరు పీకి, మెషీన్‌ను వాల్చి, అడుగున గట్టిపడ్డ గడ్డిని గీకాం. సుద్దముక్క రాస్తే పోతలో ఉబ్బి ఉన్న పార్టు నంబరు తెల్లగా లేచింది. స్టిక్కరు రాలుతుంది, రంగు పోతుంది. పోతపోసిన అక్షరం మాత్రం లోహంలో భాగం.

ఆ నంబరు, బ్లేడు పొడవు, నడిమి రంధ్రం ఆకారం కాగితం మీద రాసిచ్చాను. అన్న దాన్ని మడిచి, ఇకామా (నివాస అనుమతి) కార్డు పక్కనే దాచుకున్నాడు.