ఉప్పు ఎటు పోతుంది?

నల్లగొండ జిల్లా కేతేపల్లి చుట్టుపక్కల వాటర్ ప్లాంటు తెలియని మనిషి ఉండడు. మోటారు బోరు నీళ్లను తోస్తుంది, తెల్లటి పొడుగు గొట్టాల్లో చుట్టిపెట్టిన పొర వడగడుతుంది, ఇరవై లీటర్ల క్యాన్ నిండుతుంది. నడిసముద్రంలో తెరచాప పడవకు తాగునీళ్లిచ్చేదీ ఆర్‌వో అనే ఈ పొరే.

1959 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ దీన్ని పనికొచ్చేలా చేశారు. ఉప్పును ఆపే పొరలు అప్పటికే ఉన్నాయి, కానీ వాటిలోంచి నీళ్లే సరిగా దిగేవి కావు. వీళ్లు పైన అతి పలుచని బిగువు చర్మం, కింద స్పాంజిలాంటి దన్ను ఉండేలా పోశారు. 1965లో కాలిఫోర్నియాలోని కొలింగాలో మొదటి ప్లాంటు నడిచింది. అది శుద్ధి చేసింది సముద్రపు నీళ్లను కాదు, మన బోర్లలాంటి ఉప్పటి భూగర్భ జలాన్ని.

సముద్రం సంగతి కష్టం. లీటరుకు 35 గ్రాముల ఉప్పు. అది నీళ్లను తనవైపే లాక్కుంటుంది కాబట్టి, గాలి ఒత్తిడికి యాభై అరవై రెట్ల ఒత్తిడితో తోస్తేగాని మంచినీళ్లు ఇవతలికి రావు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తరిణి పడవపై ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ప్రపంచం చుట్టడానికి బయలుదేరారు. వాళ్లలో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అలాంటి పడవలో ఆరుగురికి రోజుకు నాలుగేసి లీటర్లు లెక్కేసినా నలభై రోజులకు దాదాపు వెయ్యి లీటర్లు. అంటే టన్ను బరువు. ఆర్‌వో ఉంటే అంత మొయ్యక్కర్లేదు.

మంచినీళ్లు అంత ప్రియం కాబట్టే చాలా పడవల్లో మరుగుదొడ్డికి సముద్రపు నీళ్లే వాడతారు. పక్కనున్న చేతిపంపు కొడితే నీళ్లు లోపలికొస్తాయి, మలం బయటికి పోతుంది. గొట్టం చివర బాతు ముక్కులాంటి రబ్బరు కవాటం పోయినదాన్ని వెనక్కి రానివ్వదు. తొట్టి నీటిమట్టానికి దిగువన ఉంటుంది కాబట్టి గొట్టాన్ని పైకి వంచి, ఆ వంపు కొసన గాలి పీల్చే కవాటం పెడతారు. అది ఉప్పుతో బిగుసుకుపోతే సముద్రం తనంతట తానే తొట్టిలోకి ఎక్కి, పడవ మునిగే ప్రమాదం. గొట్టాల లోపల మూత్రం, సముద్రపు నీళ్లు కలిసి గారకడతాయి. దారి ఏటికేడు సన్నబడుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన కట్టుబాటు ఇంకొకటుంది. తాగునీటికి నీళ్లు పీల్చే రంధ్రం, మలం వదిలే రంధ్రానికి దూరంగా, దానికి ముందువైపున ఉండాలి. రేవులో ఆర్‌వో నడపరు. నీళ్ల మీద తేలే చమురు ఆర్‌వో పొరను చెడగొడుతుంది.

ఈ కట్టుబాటు నేల మీద తప్పింది. హైదరాబాద్ మురుగు మూసీలో పడి కేతేపల్లి దగ్గరి మూసీ ప్రాజెక్టుకు చేరుతుంది. ఎగువ నగరం వదిలేది దిగువ ఊరి ఆయకట్టుకు పారుతుంది. ఇక బోరు వేస్తే నల్లగొండలో చాలాచోట్ల ఫ్లోరైడ్. గార పళ్లు, వంగిన నడుములు ఈ జిల్లాకు కొత్త కాదు. అందుకే ఆర్‌వో ఇక్కడికొచ్చింది, వచ్చి మేలే చేసింది.

అయితే పొర దేన్నీ మాయం చెయ్యదు, వేరు చేస్తుందంతే. పడవలో తోడిన నీళ్లలో పదోవంతు తాగడానికి దక్కితే, మిగతాది సముద్రంలోకి తిరిగిపోయి కలిసిపోతుంది. ఊళ్లో అలా కలిపేసుకునే సముద్రం లేదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న బోరు నీళ్లలో సగం క్యాన్‌లోకి వెళితే, మోరీలోకి పోయే మిగతా సగంలో అది 6 మిల్లీగ్రాములకు దగ్గరవుతుంది. 1.5 దాటితేనే తాగకూడదంటారు. ఆ మోరీ నీళ్లు ఇంకేది అదే నేలలో, బోరు తోడేదీ ఆ నేలనుంచే. వాటర్ ప్లాంటు వదిలే నీళ్లను ఇంకుడు గుంతలోకి మళ్లించడం నా దృష్టిలో పెద్ద తప్పు.

మిషన్ భగీరథ పథకం నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లకు ఈ బెడద లేదు. ఆ నీళ్లను మళ్లీ ఇంట్లో ఆర్‌వోకి పెడితే, తాగదగిన నీళ్లలోనే పెద్ద భాగం సింకు గొట్టంలోకి పోతుంది.