పంచాయతీ కంప్యూటరు - భాగముల పట్టిక

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామములవారికి తునికాకు సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 50 ఆకుల కట్టలు కల్లమునకు వచ్చును. అచ్చట ఆరి బస్తాలకెక్కును. గిడ్డంగిలో ఒక బస్తా ఆకు బూజుపట్టినదనుకొందము. ఏ బస్తా ఏ కల్లమునుండి వచ్చినదో పద్దు ఉన్నచో, ఆ కల్లపు బస్తాలను మాత్రమే విప్పి చూచిన చాలును. పద్దు లేనిచో గిడ్డంగి అంతయు తిరుగవేయవలసినదే.

కంప్యూటరు విషయమున కూడ ఇట్టి పద్దే నేడు అవసరమైనది. కంప్యూటరును నడిపించు ఆదేశముల సముదాయమునకు సాఫ్ట్‌వేర్ అని పేరు. దానిని అమ్మిన సంస్థయే మొత్తము వ్రాయదు. ఇతరులు వ్రాసిన చిన్న భాగములను పెక్కింటిని తెచ్చి కూర్చును. వానిలో ఒక్కదానియందు లోపమున్నను దొంగకు ద్వారము తెరచినట్లే. 2021 డిసెంబరులో 'లాగ్ ఫోర్ జె' అను చిన్న భాగమున అట్టి లోపము బయటపడినది. తమ యంత్రములలో అది కలదో లేదో తెలియక పెక్కు దేశముల సంస్థలు దినముల తరబడి వెదకుకొనవలసివచ్చెను.

2024 జూలై నెలాఖరున మన దేశమున సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించు ఒక సంస్థపై దాడి జరుగగా, సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు తాత్కాలికముగా అంతరాయము కలిగినది. దాడి వేరొకచోట జరిగినను ఇబ్బంది ఖాతాదారులకు తప్పలేదు.

కంప్యూటరు భద్రతను చూచు కేంద్ర ప్రభుత్వ సంస్థ 'సెర్ట్-ఇన్' 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ భాగముల పట్టికను గూర్చి మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. ప్రతి భాగము పేరు, కూర్పు సంఖ్య, సరఫరాదారు, అది ఆధారపడు ఇతర భాగములు ఆ పట్టికలో ఉండవలెను.

పంచాయతీ పద్దులకై 2020లో ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ భద్రతను ప్రభుత్వ శాఖలు చూచుకొనును. పంచాయతీ స్వయముగా కొను కంప్యూటరులు, కెమెరాల విషయమున సభ్యులు మూడు పనులు చేయవచ్చును.

మొదటిది: భాగముల పట్టికను వ్రాతమూలకముగా ఇమ్మనియు, ఎన్ని సంవత్సరములు సవరణలు పంపుదురో తెలుపుమనియు కొనుటకు ముందే అమ్మకందారును అడుగవలెను.

రెండవది: ఆ పట్టికను సామగ్రి రిజిష్టరుతో భద్రపరచి, సవరణ జరిగినప్పుడెల్ల క్రొత్త పట్టికను తెప్పించుకొనవలెను.

మూడవది: ఏదేని భాగమునందు లోపమున్నట్లు హెచ్చరిక వచ్చినచో, కార్యదర్శి దానిని పట్టికతో సరిచూపించవలెను. దాడి జరిగినదని తోచిన వెంటనే పై అధికారులకును, సెర్ట్-ఇన్‌కును తెలుపవలెను. ప్రభుత్వ సంస్థలు 6 గంటలలోగా తెలుపవలెనని 2022 ఏప్రిల్ ఆదేశము.

పట్టిక దొంగను పట్టుకొనదు. కాని ఏ తలుపు గడియ ఊడినదో వెంటనే తెలుపును. పంచాయతీ నిధి గ్రామ ప్రజల సొమ్ము. దానిని లెక్కించు యంత్రములో ఏమున్నదో తెలిసికొనుట సభ్యుల విధి.