రాయకోట రోడ్డు, మన పిల్లల బడి దారి

మాలూరు నుంచి బాగలూరు, హోసూరు, రాయకోట, పాలకోడు మీదుగా ధర్మపురి పక్కనున్న అధియమాన్‌కోట దాకా పోయే దారి 17వ నంబరు రాష్ట్ర రహదారి. హోసూరు నుంచి అధియమాన్‌కోట భాగం తరువాత 844వ జాతీయ రహదారి అయింది. మా అందరి నోట మాత్రం అది ఇప్పటికీ రాయకోట రోడ్డే.

ఈ దారికి కూడళ్లు చాలా. హోసూరులో బెంగళూరు–కృష్ణగిరి పెద్ద రోడ్డు తగులుతుంది. ఉద్దనపల్లిలో ఒకవైపు శూలగిరికి, ఇంకోవైపు కెలమంగలానికి దారి చీలుతుంది. కెలమంగలం నుంచి డెంకణికోటకు పోవచ్చు. కొండకోట ఉన్న రాయకోటలో కృష్ణగిరి రోడ్డు వచ్చి చేరుతుంది. టమోటా మార్కెట్టుకు వచ్చే బండ్లతో అక్కడ ఎప్పుడూ రద్దీయే.

పల్లెల్లో ఐదో తరగతి దాకా బడికి నడిచిపోతారు. ఆరో తరగతిలో తెలుగు మీడియం కావాలంటే చాలామంది బస్సెక్కాలి, కూడలిలో దిగి ఇంకో బస్సు పట్టుకోవాలి. పాసు ఉచితమే. కానీ బస్సు తప్పితే పాసు ఏం చేస్తుంది? "సార్, తెలుగు చదువు వద్దని కాదు, ఆ రోడ్డంటేనే భయం" అంటూ ఒక తల్లి టీసీ అడిగిన రోజు మా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాతే సాంఘికశాస్త్రం పీరియడ్‌లో పిల్లల చేత ఈ దారి పటం గీయించాము. ఎక్కే చోటు, మారే కూడలి, బస్సు వేళ ఎవరిది వారే గుర్తుపెట్టారు. బోర్డుల మీద తమిళంలో చదివే ఊరి పేర్లను ఇంట్లో పలికేటట్టు తెలుగులో రాశారు. అన్నీ కలిపి చూస్తే, ఒకే కూడలిలో ఏడుగురు వేర్వేరు వేళల్లో ఒంటరిగా నిలబడుతున్నారని తేలింది.

తల్లిదండ్రులను పిలిచి ఆ పటమే చూపించాము. ఏడుగురూ ఒకే బస్సుకు రావాలని, వారానికొక ఇంటివారు కూడలిలో తోడుండాలని అక్కడికక్కడే అనుకున్నారు. బస్సు వేళ మార్చమని పెట్టిన అర్జీకి ఇంకా బదులు రాలేదు. అయినా ఆ ఏడుగురిలో ఎవరూ ఆ ఏడు టీసీ తీసుకోలేదు.

తోటి ఉపాధ్యాయులకు ఈ పనికి ఒక చార్టు, ఒక పీరియడ్ చాలు. తల్లిదండ్రులకు మా మనవి ఒకటే: టీసీ అడిగే ముందు ఒక్కరోజు బిడ్డతో పాటు ఆ బస్సెక్కండి. మార్చాల్సింది బడినా, బస్సునా అన్నది కూడలిలో దిగితే తెలుస్తుంది.