షజరాలో కనిపించని పేర్లు

మీ దాదా తండ్రి పేరేమిటని అడిగితే మన ఇళ్లలో చాలామంది తడుముకోకుండా చెబుతారు. దాదీ తల్లి పేరేమిటని అడిగి చూడండి. "బీజాన్ అనేవాళ్లు", "బడీమా అనేవాళ్లు" అంటారు. అవి పిలుపులే గాని పేర్లు కావు. మా ఊళ్లో మేము నడుపుతున్న చిన్న సంగ్రహాలయంలో మాకు అన్నిటికన్నా ఎక్కువ పని పెడుతున్నది ఈ ప్రశ్నే.

సంగ్రహాలయం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నిజాం కాలంలో తాలూకా కేంద్రంగా ఉన్న ఊరు మాది. ఒక పాత దేవిడీలో ఖాళీగా పడివున్న రెండు గదులను ఆ ఇంటివారు మాకు వదిలారు. ఒక గదిలో వస్తువులు ఉన్నాయి: పాన్‌దాన్‌లు, ఖలందాన్‌లు, పిల్లలు అక్షరాలు దిద్దిన చెక్క తఖ్తీలు, చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కాలు. రెండో గదిలో కాగితాలు, వంశవృక్షాలు. నడిపేది ఏడుగురం. ఒకరు రిటైరైన పోస్టుమాస్టరు, ఒకరు దర్జీ, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, మిగిలినవాళ్లం పాఠాలు చెప్పుకునేవాళ్లం. జీతం ఎవరికీ లేదు. కరెంటు బిల్లు వంతులవారీగా కడతాం. ఆదివారం జొహర్ నమాజు అయ్యాక తలుపు తీసి అస్ర్ వేళకు మూస్తాం.

మొదట్లో అన్నీ నోటిమాట మీదే తీసుకున్నాం. ఒక పెద్దమనిషి తన తాతగారి కత్తి తెచ్చి గోడకు పెట్టించారు. ఆయన ఇంతిఖాల్ అయ్యాక కొడుకులు వచ్చారు. "నాన్న దానం ఇచ్చేశారు" అని ఒకరు, "దాచమని మాత్రమే ఇచ్చారు" అని మరొకరు. మా దగ్గర చీటీ లేదు. కత్తి తిరిగి వెళ్లింది, దానితోపాటు ఆ ఇంటితో ఉన్న రాకపోకలూ పోయాయి. తప్పు మాదే. అప్పటినుంచి ప్రతి వస్తువుకూ రిజిస్టరులో ఒక నెంబరు, తేదీ, అది అతియానా అమానతా అన్న మాట, రెండు సంతకాలు ఉంటున్నాయి. ఇద్దరిలో ఎవరికీ మొహమాటం ఉండకూడదు.

కాగితాల గది సంగతి వేరు. అక్కడ శత్రువులు చెదలు, చెమ్మ, మన చేతులు. పాత రాతప్రతుల మొదటి పుటలో "యా కబీకజ్" అని రాసి ఉండటం అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఆ మాట రాస్తే పురుగు పట్టదని పూర్వం నమ్మేవారు. మా దగ్గరున్న ఒక ప్రతిలో సరిగ్గా ఆ మాటనే పురుగు తినేసింది! మేము మాత్రం ఏటా రెండుసార్లు కట్టలు విప్పి నీడపట్టున గాలికి పెడతాం. చిరిగినచోట టేపు అంటించం, లామినేషన్ చేయించం. టేపు జిగురు కొన్నేళ్లకు పచ్చబడి అక్షరాన్ని కూడా లాక్కుపోతుంది. ఏ కట్టనూ నేలకు దగ్గరగా పెట్టం. ఒకే మనిషి, అబ్దుస్ సమద్ ఖాన్‌గారు, ఏళ్ల తరబడి పోగుచేసిన ఉర్దూ గ్రంథాల భండారం హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉండగా 2000 ఆగస్టు వరదల్లో ఎలా తడిసిపోయిందో తెలిసిన తర్వాత కింది అరలు ఖాళీ చేశాం.

ఇక షజరాలు. మన ఇళ్లలో పెట్టెల అడుగున ఉండే ఈ చుట్టలు రెండు రకాలని చాలామందికి తెలియదు. ఒకటి నసబ్, అంటే రక్తసంబంధం. రెండోది సిల్సిలా, అంటే ఏ పీర్ దగ్గర ఎవరు బైఅత్ చేశారన్న గురుశిష్య పరంపర. సిల్సిలా చుట్ట తెచ్చి "మా వంశం బగ్దాదుదాకా ఉంది" అనేవారు మాకు తరచుగా తగులుతారు. చెబితే మనసు కష్టపెట్టుకుంటారు. చెప్పకపోతే ఆ చుట్టకు అన్యాయం. ఒకాయన తన ముత్తాత పేరును ఒక సయ్యద్ కుటుంబం కొమ్మకు కలిపి రాయమన్నారు, గదికి ఫ్యాను ఇప్పిస్తానన్నారు. తన తండ్రిని కాదని మరొకరి వంశం చెప్పుకోవడం గురించి హదీసులో ఎంత గట్టి హెచ్చరిక ఉందో ఆయనకూ తెలుసు. ఆ వేసవి ఫ్యాను లేకుండానే గడిచింది.

తేదీల తికమక ఇంకొకటి. పాత కాగితాల్లో హిజ్రీ ఉంటుంది, సర్కారీ కాగితాల్లో ఫస్లీ ఉంటుంది. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఫస్లీ 1340 అంటే 1930-31. అదే అంకెను హిజ్రీ అనుకుంటే 1921-22 అవుతుంది. ఈ తొమ్మిదేళ్ల పొరపాటుతో మా చేతిలోనే ఒకసారి తమ్ముడు అన్నకంటే పెద్దవాడైపోయాడు!

అసలు విషయానికి వస్తాం. ఒక ఆదివారం ఒక పెద్దావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు. "మౌల్వీ సాబ్, మా నానీ పేరు ఎక్కడైనా దొరుకుతుందా?" అన్నారు. వారి ఇంటి షజరా మా దగ్గరే ఉంది. ఎనిమిది తరాల మగవారు వరుసగా ఉన్నారు. ఒక్క ఆడమనిషి లేదు. కొన్నిచోట్ల "దుఖ్తర్" అని మాత్రం ఉంది, కూతురు అని అర్థం. అంతే.

అందువల్ల మేము వేరేచోట వెతికాం. ఖాజీగారి నికాహ్ సియాహా పుస్తకాల్లో పెళ్లికూతురు పేరు, ఆమె తండ్రి పేరు, వకీలు, సాక్షులు, మెహర్ తప్పకుండా రాస్తారు. ఇనాం భూముల విరాసత్ కాగితాల్లోనూ అంతే. చనిపోయినవారి భార్యకు ఎంత, కూతురికి ఎంత అని వాటాలు కట్టాలి కాబట్టి పేరు రాయక తప్పదు. ఇంటి గొప్ప చెప్పుకునే కాగితంలో లేని పేరు, హక్కు లెక్కగట్టే కాగితంలో దొరుకుతోంది. మూడు వారాలకు ఆ నానీ పేరు సియాహాలో కనిపించింది. మెహర్ హాలీ సిక్కాలో ఉంది. ఆరు కల్దార్ రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయలు వచ్చేవని చెప్పి, పక్కగదిలోంచి ఒక సిక్కా తెచ్చి ఆ పిల్ల అరచేతిలో పెట్టాం. పెద్దావిడ ఆ పేరును రెండుమూడుసార్లు పైకి అనుకున్నారు. పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఆ ఇంటి అమానత్.

ఆ పేరును షజరాకు జతపరిచి గోడకు పెడదామని మా అమ్మాయిలు అన్నారు. ఆ కుటుంబంలోని ఒక బుజుర్గ్ ఒప్పుకోలేదు. "మన ఆడవాళ్ల పేర్లు నలుగురు చూసేచోట రాయడం అదబ్ కాదు మౌల్వీ సాబ్" అన్నారు. హిజ్రీ 230లో కన్నుమూసిన ఇబ్నె సాద్ తన తబఖాత్‌లో చివరి సంపుటాన్ని స్త్రీలకే కేటాయించారని చెప్పాం. ఆ తర్వాతి కాలపు సఖావీ తన చరిత్ర గ్రంథం పన్నెండో సంపుటం నిండా వెయ్యిమందికి పైగా స్త్రీల పేర్లు, వారి చదువులు రాశారని చెప్పాం. ఆయన ఓపిగ్గా విని, "వాళ్లు పెద్దవాళ్లు, అది వేరు" అన్నారు. మేము గోడకు పెట్టలేదు. అసలు షజరాను ముట్టుకోకుండా వేరే రిజిస్టరు పెట్టి, ఆధారం ఏ పుస్తకమో ఏ పుటో వేసి, అందులో రాశాం. ఇది సరైన పనేనా అన్నదానిమీద మా ఏడుగురిలోనే ఏకాభిప్రాయం లేదు. అమ్మాయిలిద్దరూ ఇప్పటికీ కోపంగానే ఉన్నారు.

మాకు ఇంతకంటే పెద్ద దిగులు ఒకటుంది. ఈ పుస్తకాలు చాలావరకు షికస్తా రాతలో ఉన్నాయి. నుక్తాలు ఎగిరిపోయి, విడిగా ఉండాల్సిన అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన గొలుసురాత అది. ఉర్దూ చక్కగా చదివేవారు కూడా దాని ముందు తడబడతారు. మాలో దాన్ని ధారగా చదవగలవారు పోస్టుమాస్టరుగారు ఒక్కరే. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇప్పుడు అమ్మాయిలిద్దరూ ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంటున్నారు. ఆయన చదువుతారు, ఒకరు ఉర్దూలో శుభ్రంగా ఎత్తి రాస్తారు, మరొకరు తెలుగులో రాస్తారు. అచ్చం అర్థం కాని మాటను ఊహించి రాయకూడదని, ఖాళీ వదలాలని నియమం.

మీ ఇంట్లో పాత కాగితం ఏదైనా ఉంటే దులపకండి, తుడవకండి, ఉన్నది ఉన్నట్టు పాత నూలు గుడ్డలో చుట్టిపెట్టండి. దాదీ, నానీ బతికి ఉంటే వారి తల్లి పేరు ఈ రోజే అడిగి రాసుకోండి. పోయిన ఆదివారం మా అమ్మాయిలు సియాహాలో నాలుగు పుటలు పూర్తిచేశారు. పదకొండు నికాహ్‌లు, పదకొండుమంది పెళ్లికూతుళ్లు. రెండు పేర్ల దగ్గర ఖాళీ వదిలారు.