దీపం-2: బండ ఇంటికి చేరి, బిల్లు కట్టాకే సబ్సిడీ
తలుపుల మండలం లబ్ధిదారులకు వివరణ

ఉచిత గ్యాస్ గురించి ఊళ్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటుంది: "ఉచితం అన్నారు కదా, మరి బండ తెచ్చినోళ్లు డబ్బులు ఎందుకు కట్టించుకుంటున్నారు?" అడగాల్సిన ప్రశ్నే ఇది. దీనికి జవాబు తెలిస్తే మీకు రావాల్సిన డబ్బు ఎక్కడ ఆగిందో మీరే కనుక్కోవచ్చు. అందుకే ఈ వివరణ. నిదానంగా చదవండి, ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే వాళ్లకు చదివి వినిపించండి.

ఉచితం అంటే ఇక్కడ అర్థం ఏమిటి?

దీపం-2 పథకం 2024 నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో మొదలైంది. రైస్ కార్డు, గ్యాస్ కనెక్షన్ ఉన్న కుటుంబానికి ఏడాదికి మూడు సిలిండర్లు. నాలుగు నెలలకు ఒకటి చొప్పున లెక్క:

• ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒకటి
• ఆగస్టు నుంచి నవంబర్ వరకు ఒకటి
• డిసెంబర్ నుంచి మార్చి వరకు ఒకటి

బండ తీసుకునేటప్పుడు మీరు పూర్తి ధర కట్టాలి. ఆ తర్వాత ఆ మొత్తం మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. 48 గంటల్లో జమ చేస్తామని పథకం మొదలైనప్పుడు ప్రభుత్వం చెప్పింది. అంటే ఇది బండ దగ్గర ధర తగ్గించే పథకం కాదు, కట్టిన డబ్బు తిరిగి ఇచ్చే పథకం.

డ్వాక్రా సంఘంలో ఉన్న అక్కచెల్లెళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. సున్నా వడ్డీ రాయితీ ఎవరికి వస్తుంది? కంతులు సక్రమంగా కట్టిన సంఘానికి. కట్టని కంతుకు వడ్డీ రాయితీ లేదు. ఇక్కడ కూడా అంతే. కట్టని బిల్లుకు, అందని బండకు సబ్సిడీ లేదు.

ఏ బిల్లుకు డబ్బు వస్తుంది, దేనికి రాదు?

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సబ్సిడీ బుకింగ్‌కు రాదు, పూర్తయిన బిల్లుకు వస్తుంది. పూర్తయిన బిల్లు అంటే రెండూ జరిగి ఉండాలి: బండ మీ చేతికి అందాలి, డబ్బు ఏజెన్సీకి చేరాలి. ఇవి రెండూ ఆయిల్ కంపెనీ కంప్యూటర్‌లో నమోదయ్యాకే సబ్సిడీ లెక్కలోకి వస్తుంది.

1. బుక్ చేశారు, బండ ఇంకా రాలేదు. బిల్లు పూర్తి కాలేదు. సబ్సిడీ కోసం బ్యాంకు చుట్టూ తిరగవద్దు. ముందు బండ ఎప్పుడొస్తుందో ఏజెన్సీని అడగండి.

2. ఫోన్‌లోనే ముందుగా డబ్బు కట్టేశారు, బండ రాలేదు. డబ్బు కట్టినా బిల్లు సగమే పూర్తయింది. బండ అందాకే సబ్సిడీ.

3. బండి వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంది, బుకింగ్ రద్దయింది. రద్దయిన బిల్లుకు సబ్సిడీ ఉండదు. ముందే కట్టిన డబ్బు ఉంటే అది ఏ దారిలో కట్టారో ఆ దారిలోనే వెనక్కి రావాలి. అది మీ సొమ్ము, సబ్సిడీ కాదు. మళ్లీ బుక్ చేసుకోవచ్చు.

4. బిల్లు మీద ఉన్నదాని కంటే ఎక్కువ ఇచ్చారు. ఉదాహరణకు బిల్లు 900 రూపాయలు అనుకుందాం. మీరు 950 ఇచ్చారు. ఆ పై 50 ఏ లెక్కలోనూ లేదు, తిరిగి రాదు.

5. ఆ నాలుగు నెలల్లో రెండు బండలు తీసుకున్నారు. ఒకదానికే పూర్తి రాయితీ. రెండోది మామూలు కొనుగోలు.

6. ఆ నాలుగు నెలల్లో అసలు తీసుకోలేదు. గడువు దాటితే ఆ విడత పోయినట్టే, తర్వాతి విడతలో కలిపి ఇవ్వరు. అందుకే జూలై 31, నవంబర్ 30, మార్చి 31 దాకా ఆగవద్దు. చివరి వారంలో బండ ఆలస్యమైతే నష్టపోయేది మీరే.

ఉజ్జ్వల కనెక్షన్ ఉన్నవాళ్లకు ఇంకో విషయం. కేంద్రం ఇచ్చే 300 రూపాయలు వేరుగా, రాష్ట్రం ఇచ్చేది వేరుగా పడవచ్చు. ఒక మెసేజ్ చూసి "ఇంతేనా" అనుకోకుండా, రెండూ కలిపి బిల్లుతో సరిచూసుకోండి.

ధర కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2025 ఏప్రిల్ 8న కేంద్రం ఒక్కో సిలిండర్‌పై 50 రూపాయలు పెంచింది. కాబట్టి పోయినసారి పడిన మొత్తంతో కాదు, ఈసారి బిల్లుతోనే పోల్చుకోండి.

ఈ నిబంధన ఎందుకు పెట్టారు?

మన ప్రాంతానికి ఈ కథ బాగా తెలుసు. తలుపుల అనంతపురం జిల్లాలో ఉన్న రోజుల్లో, 2013 జూన్ 1న దేశంలో గ్యాస్ సబ్సిడీని నేరుగా ఖాతాలో వేసే పద్ధతి మొదలైంది. తొలి విడతకు ఎంపికైన 20 జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2014లో దాన్ని ఆపారు. మార్పులు చేసి 2014 నవంబర్ 15న 54 జిల్లాల్లో, 2015 జనవరి 1 నుంచి దేశమంతటా 'పహల్' పేరుతో మళ్లీ తెచ్చారు.

అంతకుముందు సబ్సిడీ బండలోనే ఉండేది. తక్కువ ధరకే బండ దొరికేది. ఇంటి బండకూ హోటల్ బండకూ ధరలో తేడా ఉండటంతో, ఒకరి పేరు మీద వచ్చిన బండ ఇంకొకరి పొయ్యి కిందకు పోయేది. ఒకే ఇంట్లో రెండు మూడు కనెక్షన్లు ఉండేవి. పేదింటికి పోవాల్సిన ప్రభుత్వ సొమ్ము దారిలోనే కారిపోయేది. అందుకే బండను అందరికీ ఒకే ధరకు ఇచ్చి, నిజంగా తీసుకున్న మనిషి ఖాతాలోనే సబ్సిడీ వేయడం మొదలుపెట్టారు. బుక్ చేయగానే డబ్బు వేస్తే ఏమవుతుంది? బుక్ చేసి, డబ్బు పడగానే రద్దు చేసుకునేవాళ్లు ఉంటారు. మీ పేరు మీద మీకు తెలియకుండా బుక్ చేసేవాళ్లూ ఉంటారు. పూర్తయిన బిల్లుకే ఇవ్వడం వల్ల ఈ రెండు దారులూ మూసుకుపోతాయి.

మరి ముందు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ఈ పద్ధతిలో బరువు మాత్రం పేదింటి మీదే పడుతుంది. కూలికి పోయే ఇంట్లో ఒకేసారి తొమ్మిది వందలు తీయడం తేలిక కాదు. పహల్ మొదలైనప్పుడు ఈ ఇబ్బంది చూసే, పథకంలో చేరినవాళ్లకు 568 రూపాయలు ముందస్తుగా ఖాతాలో వేశారు. దీపం-2లో మాత్రం ముందు మీరే కట్టాలి.

దానికి రెండు సలహాలు. మొదటిది, తిరిగి పడిన డబ్బును ఖర్చు చేయకుండా పక్కన పెట్టండి. అదే తర్వాతి బండకు పెట్టుబడి. ఒక్కసారి కష్టపడి కడితే, మిగతావి ఆ డబ్బుతోనే తిరుగుతాయి. రెండోది, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టవద్దు. 900 రూపాయలకు నెలకు 27 రూపాయల వడ్డీ. సబ్సిడీ ఆలస్యమైన కొద్దీ ఉచిత బండకు మీరు ధర కడుతున్నట్టే. విడతకు నాలుగు నెలల గడువు ఉంది కాబట్టి, చేతిలో కూలి డబ్బులు ఉన్న వారంలో బుక్ చేసుకోండి. లేదంటే సంఘం పొదుపులోంచి చిన్న అప్పు అడగండి.

బండ వచ్చిన రోజు ఏం చేయాలి?

• బిల్లు అడిగి తీసుకోండి. మీ పేరు, కనెక్షన్ నంబరు, తేదీ, ధర చూసుకోండి. బిల్లు మీద ఉన్నంతే ఇవ్వండి. ఇంటికి తెచ్చిచ్చే ఖర్చు ఆ ధరలోనే ఉంటుంది.
• సీలు చూడండి. తూకం వేయమని అడిగే హక్కు మీకుంది. లోపల గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. రెండూ కలిపితే తూకం రావాలి.
• ఫోన్‌కు వచ్చిన డెలివరీ కోడ్‌ను బండ చేతికి అందాకే చెప్పండి. ఆ కోడ్ చెప్పడం అంటే "నాకు బండ అందింది" అని సంతకం పెట్టడమే.

మన మండలంలో చాలామంది బెంగళూరుకో, ఇంకా దూరానికో పనికి పోతారు. గ్యాస్ బుక్కులో ఉన్న ఫోన్ నంబరు మాత్రం కొడుకుదో, అల్లుడిదో ఉంటుంది. కోడ్ బెంగళూరులో ఉన్న ఫోన్‌కు పోతుంది, బండ తలుపుల దగ్గర పల్లెలో దిగుతుంది. అక్కడున్నవాళ్లు పనిలో ఉంటే బండి వెనక్కి పోతుంది. లేదా బండ రాకముందే కోడ్ చెప్పేస్తారు. అందుకని ఊర్లో ఉండే మనిషి నంబరే ఏజెన్సీలో రాయించండి.

బండ రాకుండానే "మీ సిలిండర్ డెలివరీ అయింది" అని మెసేజ్ వస్తే ఊరుకోవద్దు. ఆ లెక్కలో మీ విడత వాడుకున్నట్టు నమోదవుతుంది. అదే రోజు ఏజెన్సీకి చెప్పండి, 1800-233-3555 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

అన్నీ సరిగ్గా జరిగినా డబ్బు పడకపోతే?

ఈ వరుసలో చూసుకోండి.

1. ఏ ఖాతా? ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకి డబ్బు పోతుంది. అది మీరు రోజూ చూసుకునే ఖాతా కాకపోవచ్చు. మధ్యలో ఎక్కడైనా కొత్త ఖాతా తెరిచి ఉంటే లింకు దానికి మారి ఉండవచ్చు. "సబ్సిడీలకు నా ఆధార్ ఏ బ్యాంకుకు లింకు అయింది?" అని బ్యాంకులో అడగండి. ఆ ఖాతా పాస్‌బుక్‌లోనే ఎంట్రీ వేయించండి.

2. ఖాతా నడుస్తోందా? చాలాకాలం వాడని ఖాతా ఆగిపోయి ఉంటే వేసిన డబ్బు వెనక్కి పోతుంది. బ్యాంకులో కేవైసీ ఇచ్చి ఖాతాను మళ్లీ తెరిపించండి.

3. ఈ-కేవైసీ అయిందా? గ్యాస్ ఏజెన్సీలో ఆధార్‌తో చేస్తారు. దీనికి రుసుము లేదు.

4. పేర్లు కలుస్తున్నాయా? కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి మీ రైస్ కార్డులో ఉండాలి. కనెక్షన్ చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంటే, ముందు ఏజెన్సీలో పేరు మార్పించండి.

5. అన్నీ సరిగానే ఉన్నాయా? అయితే బిల్లు, ఆధార్, రైస్ కార్డు, పాస్‌బుక్ జిరాక్సులు తీసుకుని మీ గ్రామ సచివాలయంలో అర్జీ ఇవ్వండి, రశీదు తీసుకోండి. పౌర సరఫరాల శాఖ నంబరు 1967కు కూడా చెప్పవచ్చు. అక్కడా తేలకపోతే తహసీల్దార్ కార్యాలయం, ఆ తర్వాత పుట్టపర్తి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక.

ఎక్కడికి పోయినా మొదట అడిగేది బిల్లే. అది లేకపోతే మీ మాటకు ఆధారం ఉండదు. అందుకని ఏడాది బిల్లులు మూడూ ఒక సంచిలో రైస్ కార్డుతో కలిపి పెట్టుకోండి. పడిన మొత్తం, తేదీ బిల్లు వెనకే పెన్నుతో రాసుకోండి.

మోసపోవద్దు

"మీ గ్యాస్ సబ్సిడీ ఆగింది, ఓటీపీ చెప్తే వేస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. సబ్సిడీ పడటానికి ఓటీపీ అక్కర్లేదు. ఫోన్‌పే, గూగుల్‌పే పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకైతే 1906.

ఈ పీడీఎఫ్‌ను మీ వీధి గ్రూపులో, సంఘం గ్రూపులో పంపండి. ఈ విడత బండ ఇంకా తీసుకోనివాళ్లు ఉంటే గడువు తేదీ వాళ్లకు గుర్తుచేయండి.